వైఫై కనెక్ట్ అవుతుంది, నెట్ రాదు: కొత్త రౌటర్ కొనాలా?

మీరు రాసిందాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లోకి మారారు. ఫైబర్ లైన్ ఉంది. నెట్ కంపెనీ వాళ్ళిచ్చిన రౌటర్‌ని మెయిన్ డోర్ పక్కన గోడలో బిగించిన ఇనుప పెట్టెలో పెట్టి వెళ్ళారు. లోపలి బెడ్‌రూమ్‌కి సిగ్నల్ అందడం లేదని నెల్లూరులో అమ్మావాళ్ళింట్లో ఊరికే పడి ఉన్న పాత రౌటర్ తెచ్చారు. హాల్లోంచి కేబుల్ లాగి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టి తగిలించారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఇప్పుడు ఫోన్లో వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, కింద మాత్రం "ఇంటర్నెట్ లేదు" అని వస్తుంది. ఫోన్లో వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో రాదు, కాసేపటికి అది ఇటు, ఇది అటు. కరెంటు పోయి వచ్చిన రోజు మరీ ఘోరం. కంపెనీ మనిషి వచ్చి "లైన్ బాగుంది సార్, రౌటర్ మార్చుకోండి" అని వెళ్ళిపోయాడు. ఎనిమిది వేలు పెట్టి కొత్తది కొనాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. ముందు ఆ నెల్లూరు రౌటర్ నుంచి కేబుల్ పీకేసి, దాని కరెంటు కూడా తీసేయండి. కంపెనీ రౌటర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై పేరు మీద "ఫర్గెట్" కొట్టి కొత్తగా కలపండి. ఒక రోజు అలాగే వాడండి. హాల్లో నెట్ నిలకడగా వచ్చిందంటే మీ మొదటి సమస్య తీరినట్టే. బెడ్‌రూమ్‌లో అందకపోవడం వేరే సమస్య, దానికి వేరే మందు. ఈ రెండూ కలిసిపోయి మిమ్మల్ని తిప్పలు పెడుతున్నాయి.

ఇంత ధైర్యంగా ఎలా చెప్తున్నానంటే, చివర్లో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది: "192.168.1.1 తెరిస్తే ఒక్కోసారి పాస్‌వర్డ్ తీసుకోదు, పేజీ రంగు కూడా వేరేగా ఉంటుంది." నాకు అదే చాలు. ఆ నంబరు రౌటర్ సెట్టింగుల పేజీ అడ్రస్. ఒకే అడ్రస్ కొడితే రెండు రకాల పేజీలు వస్తున్నాయంటే, మీ ఇంట్లో రెండు డబ్బాలు ఒకే నంబరు పెట్టుకుని కూర్చున్నాయి. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకే డోర్ నంబర్ ఉంటే కొరియర్ అబ్బాయి ఏ గుమ్మం ముందు బెల్లు కొడతాడో చెప్పలేం కదా, ఇదీ అంతే.

లోపల జరిగేది ఇది. ఫోన్ వైఫైకి కలవగానే "నాకో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో నా నంబరు) ఇవ్వండి" అని నెట్‌వర్క్ మొత్తానికి వినపడేలా అడుగుతుంది. దానికి జవాబిచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇంట్లో ఆ పని ఒక్కరే చెయ్యాలి. ఇళ్ళ కోసం అమ్మే ప్రతి రౌటర్‌లోనూ అది పుట్టుకతోనే ఆన్‌లో ఉంటుంది. మీరు పాత రౌటర్‌ని కేబుల్‌తో కలిపారు కానీ ఆ పని మానిపించలేదు. కాబట్టి ఇద్దరు జవాబు చెప్తున్నారు, ముందు ఎవరి జవాబు అందితే ఫోన్ దాన్నే తీసుకుంటుంది. కంపెనీ రౌటర్ ఇచ్చిన అడ్రస్ అయితే దారి బయటికి వెళ్తుంది. నెల్లూరు రౌటర్ ఇచ్చినదైతే ఫోన్ తన డేటా అంతా తీసుకెళ్ళి దాని ముందు పోస్తుంది. దానికి బయటికి దారే లేదు, ఇంటర్నెట్ అని రాసి ఉన్న పోర్టు ఖాళీగా ఉంది. అందుకే వైఫై నిండుగా, నెట్ సున్నా.

కరెంటు పోయి వచ్చాక ఎందుకు ముదురుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ఫైబర్ రౌటర్ లేచి, బయటి లైన్‌తో మాట్లాడుకుని, సిద్ధం కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పాత చిన్న రౌటర్ చిటికెలో లేస్తుంది. వైఫై పేరు రెండింటికీ ఒకటే కాబట్టి ఫోన్లన్నీ ముందు లేచిన దాని దగ్గరికే పోయి అడ్రస్ తీసుకుంటాయి. ఆ అడ్రస్‌కి గడువు ఉంటుంది. కొన్నిట్లో రెండు గంటలు, చాలా రౌటర్లలో 24 గంటలు. గడువు తీరేదాకా ఆ ఫోన్ అదే తప్పు అడ్రస్ పట్టుకుని వేలాడుతుంది. మీరు వైఫై ఆపి వేస్తే ఒక్కోసారి బాగవడం, ఒక్కోసారి కాకపోవడం అంతా దీని మాయే.

కుందలహళ్ళి దగ్గర ఒక పీజీలో అచ్చం ఇలాగే జరిగింది. మూడో అంతస్తులో ఒకబ్బాయి తన గదిలో గోడ పోర్టుకి సొంత రౌటర్ తగిలించుకున్నాడు. కేబుల్‌ని బయటి నెట్ తీసుకునే వ్యాన్ పోర్టులో కాకుండా లోపలి పరికరాలకిచ్చే ల్యాన్ పోర్టులో గుచ్చాడు. సాయంత్రానికి ఆ అంతస్తు మొత్తానికి నెట్ పోయింది. ఓనరు లైన్ కంపెనీని తిడుతున్నాడు, కంపెనీ వాళ్ళు లైన్ చూసి బాగానే ఉందంటున్నారు, ఇద్దరి మాటా నిజమే. ఆ కుర్రాడి గదిలో మాత్రం వైఫై పూర్తి గీతలు! చివరికి ఒక ల్యాప్‌టాప్‌లో గేట్‌వే అడ్రస్ (బయటికి ఏ రౌటర్ గుండా వెళ్ళాలో చెప్పే నంబరు) చూస్తే ఓనరు రౌటర్ నంబరు కాదు. ఆ నంబరు పట్టుకుని గది గదీ వెతికితే దొరికింది.

మీ ఇంట్లో ఇదేనా అని రూఢి చేసుకోవడం ఇలా. పాత రౌటర్ తీసెయ్యకముందే ఈ పని చేస్తే ఇంకా మంచిది. నెట్ రాని ఫోన్లో వైఫై సెట్టింగుల్లోకి వెళ్ళి కనెక్ట్ అయిన పేరు మీద నొక్కండి. ఆండ్రాయిడ్‌లో గేట్‌వే అని, ఐఫోన్‌లో రౌటర్ అని ఒక వరుస ఉంటుంది. నెట్ వస్తున్న ఫోన్లో కూడా అదే వరుస చూడండి. రెండు నంబర్లూ వేరువేరుగా ఉంటే, ఉదాహరణకి ఒకదాంట్లో 192.168.1.1, ఇంకోదాంట్లో 192.168.0.1 ఉంటే, దొంగ దొరికినట్టే. మీ విషయంలో రెండూ 192.168.1.1 అనే చూపించొచ్చు. అప్పుడు విండోస్ ల్యాప్‌టాప్ తీసి కమాండ్ ప్రాంప్ట్‌లో ఏ, ఆర్, పీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక ఖాళీ, ఒక హైఫన్, దాని వెంటనే ఏ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. 192.168.1.1 ఎదురుగా పన్నెండు అంకెల, అక్షరాల మ్యాక్ అడ్రస్ వస్తుంది, అంటే తయారీలోనే ఆ డబ్బాకి వేసిన నంబరు. రెండు రౌటర్లనీ తిరగేసి అడుగున స్టిక్కర్ మీద మ్యాక్ నంబర్ చదవండి. ల్యాప్‌టాప్ చూపించేదానికి మొదటి పది ఎవరితో కలిస్తే ఆ రౌటర్‌తోనే మీ ల్యాప్‌టాప్ మాట్లాడుతోంది. చివరి ఒకటి రెండు అంకెలు కొంచెం అటూ ఇటూ ఉన్నా కంగారు పడకండి, ఒకే డబ్బాలో వైఫైకి ఒక నంబరు, కేబుల్ పోర్టుకి ఒక నంబరు ఉంటాయి.

"ఇంటర్నెట్ లేదు" అన్న హెచ్చరిక గురించి కూడా ఒక ముక్క. వైఫైకి కలవగానే ఫోన్ మామూలుగా గూగుల్ లేదా యాపిల్ సర్వర్‌లో ఒక చిన్న పేజీని తెరిచి చూసుకుంటుంది. అక్కడినుంచి అనుకున్న జవాబు రాకపోతే ఆ మాట చూపిస్తుంది. అంటే మీ వైఫై చెడిపోయిందని అది చెప్పడం లేదు. ఫోన్ నుంచి బయటి ప్రపంచం దాకా ఉన్న దారిలో ఎక్కడో తెగిందని మాత్రమే చెప్తోంది. ఎక్కడ తెగిందో మనం వెతుక్కోవాలి. దానికి నేను ఏ ఇంటికెళ్ళినా మొదట చేసేది మూడు పింగులు. పింగ్ అంటే ఒక అడ్రస్‌ని "ఉన్నావా" అని అడిగి జవాబు కోసం చూడటం.

ల్యాప్‌టాప్‌లో పింగ్ కమాండ్‌తో ముందు గేట్‌వే నంబరు, తర్వాత 8.8.8.8 (గూగుల్ వాళ్ళ సర్వర్), ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరు. గేట్‌వేకే జవాబు రాకపోతే తప్పు ఇంట్లోనే, మీ ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య. గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే రౌటర్ నుంచి బయటికి లైన్ లేదు, లేదా మీలాగా తప్పు రౌటర్ పలుకుతోంది. 8.8.8.8 కూడా పలికి పేరు మాత్రం పలకకపోతే లైన్ బంగారంలా ఉంది, వెబ్‌సైట్ పేరుని నంబరుగా మార్చిపెట్టే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ రాస్తే సరిపోతుంది. ఇంకో గుర్తు: ల్యాప్‌టాప్ అడ్రస్ 169.254తో మొదలైతే దానికి అడ్రస్ ఇచ్చే నాథుడే దొరక్క తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

ఈ మూడూ చూడకుండా "లైన్ బాగుంది, రౌటర్ మార్చండి" అన్నవాళ్ళ మాట మీద డబ్బు ఖర్చు పెట్టకండి. మీ దగ్గరికొచ్చిన మనిషిది కూడా తప్పని అనను. అతను తన మీటర్ పెట్టి చూస్తే లైన్ బాగానే ఉండి ఉంటుంది, బెడ్‌రూమ్‌లో మీరేం పెట్టారో చూడటం అతని డ్యూటీ కాదు.

పాత రౌటర్‌ని పారేయక్కర్లేదు. దాని చేత సరైన పని చేయించండి. ముందు ఆ రౌటర్‌ని విడిగా, ఒక్క ల్యాప్‌టాప్‌కి మాత్రమే కేబుల్‌తో కలపండి. దాని పేజీలోకి వెళ్ళి "యాక్సెస్ పాయింట్ మోడ్" (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉందేమో చూడండి. ఉంటే అది ఎంచుకుంటే మిగతాదంతా అదే చూసుకుంటుంది. పాత మోడల్ కాబట్టి లేకపోవచ్చు. అప్పుడు చేత్తో రెండు మార్పులు చేయాలి. మొదటిది, ల్యాన్ సెట్టింగుల్లో దాని సొంత అడ్రస్‌ని 192.168.1.1 నుంచి 192.168.1.250కి మార్చండి. మార్చేముందు కంపెనీ రౌటర్ ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా పంచుతోందో చూసుకోండి, మీరిచ్చేది ఆ పరిధి బయట ఉండాలి. 250 కూడా లోపలే పడితే ఆ పరిధిని 200 దగ్గర ఆపేయండి. రెండోది, డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫ్ చేయండి. అడ్రస్ మార్చి సేవ్ చేయగానే పేజీ తెగిపోతుంది, భయపడకండి, కొత్త నంబరు కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. ఆ వరుసలోనే చేయండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ దొరక్క లోపలికి వెళ్ళడానికి నానా తంటాలు పడాలి.

తర్వాత కంపెనీ రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చే కేబుల్‌ని దీని ల్యాన్ పోర్టులోనే గుచ్చండి. వేరే రంగులో ఒంటరిగా ఉండే వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి. అది వాడితే ఇది మళ్ళీ సొంత కాపురం పెట్టి రెండో నెట్‌వర్క్ తయారుచేస్తుంది. నెట్ వచ్చినా బెడ్‌రూమ్‌లో ఉన్న ఫోన్‌కి హాల్లో ఉన్న టీవీ, ప్రింటర్ కనబడవు. పేరు, పాస్‌వర్డ్ రెండింట్లో ఒకటే ఉండొచ్చు, సెక్యూరిటీ కూడా ఒకే రకం ఉండాలి. చానెల్, అంటే వైఫై వాడే రేడియో దారి, మాత్రం వేరే ఉండాలి.

ఇక బెడ్‌రూమ్ సంగతి. ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళ ఇళ్ళకీ బెంగళూరు కొత్త అపార్ట్‌మెంట్లకీ అసలు తేడా ఇక్కడే ఉంది.

నెల్లూరులో ఇదే రౌటర్ మేడ మీదిదాకా అందేదని రాశారు. అక్కడి గోడలు ఇటుకవి. ఇక్కడ వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఈమధ్య కట్టిన పెద్ద పెద్ద టవర్లలో చాలావాటిని మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అల్యూమినియం పలకలు నిలబెట్టి, మధ్యలో ఇనుప చువ్వల జాలీ పెట్టి, గోడలు, శ్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోసేస్తారు. కాబట్టి రెండు బెడ్‌రూముల మధ్య గోడ కూడా చువ్వలున్న కాంక్రీటే. మేకు కొట్టబోతే వంగిపోతుంటే, డ్రిల్లింగ్ మెషిన్ లేనిదే ఒక్క ఫోటో కూడా తగిలించలేకపోతుంటే, మీదీ అదే. వైఫై అలలు ఇటుక గోడని కాస్త కష్టపడి దాటతాయి, ఈ గోడ దగ్గర చాలావరకు ఆగిపోతాయి. రౌటర్ వాడే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ కొంత దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ ఒక గోడ తర్వాత నీరసపడుతుంది, రెండో గోడ తర్వాత లేనట్టే. దానికి తోడు మీ రౌటర్ ఇనుప పెట్టెలో, మూత వేసి, ముందు చెప్పుల స్టాండు పెట్టి ఉంది. దేశంలో ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చి ఆ పెట్టెలో పెట్టినా ఇదే కథ.

ముందు దాన్ని పెట్టెలోంచి బయటికి తీయండి. పైసా ఖర్చు లేని పని, ఫలితం వెంటనే కనబడుతుంది. ఫైబర్ తీగ పొడుగు సరిపోకపోతే పెట్టె మూత తీసేసి, రౌటర్‌ని బయటికి వేలాడదీసి అయినా ఒకసారి కొలిచి చూడండి. కొలవడం ఎలాగంటే, ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. అందులో సిగ్నల్ డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో వస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. రౌటర్ పక్కన నిలబడితే మైనస్ 40 దగ్గర ఉంటుంది. ఆఫీసు వీడియో కాల్ తెగకుండా నడవాలంటే మైనస్ 67 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. మైనస్ 80 దాటితే కనెక్ట్ అయి ఉన్నట్టే కనబడుతుంది కానీ పని జరగదు. పది డీబీఎంలు పడిపోతే అందే శక్తి పదో వంతుకి పడిపోయినట్టు లెక్క. మీరు కూర్చునే కుర్చీ దగ్గర, మంచం దగ్గర, తలుపు తీసి, తలుపు వేసి చూసి కాగితం మీద రాసుకోండి. ఫోన్ పైన కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీ ఫోన్‌ది ఒక్కో లెక్క.

గోడలే కాదు, అద్దాలు కూడా చూసుకోండి. సర్జాపూర్ రోడ్డులో ఒక ఫ్లాట్‌లో అన్నీ బాగున్నా ఒక్క స్టడీ టేబుల్ దగ్గరే కాల్స్ తెగేవి. టేబుల్‌కీ రౌటర్‌కీ మధ్యలో గోడంత వార్డ్‌రోబ్, దాని తలుపులకి నిలువెత్తు అద్దాలు. అద్దం వెనక పూసే లోహపు పూత అలల్ని వెనక్కి కొడుతుంది. టేబుల్‌ని పక్క గోడకి జరిపితే సరిపోయింది. ఫ్రిజ్, అక్వేరియం, వంటగదిలో గ్రానైట్ దిమ్మ, ఇవన్నీ అదే జాతి. రౌటర్‌ని టీవీ వెనక దాచడం కూడా చాలామందికి అలవాటు, చూడటానికి బాగుంటుందని. ఆ టీవీ వీపంతా లోహమే.

సాయంత్రం ఏడు దాటాక మందగిస్తోందని కూడా రాశారు. యాప్‌లో పక్క ఫ్లాట్ల వైఫై పేర్లు ఎన్ని కనబడుతున్నాయో ఒకసారి చూడండి, కళ్ళు తిరుగుతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండే చానెళ్ళు మూడే: 1, 6, 11. టవర్ మొత్తం ఆ మూడింటి మీదే బతుకుతోంది. మధ్యలో ఖాళీగా ఉందికదాని 3 గానీ 8 గానీ పెట్టుకుంటే అటు ఇటు ఉన్నవాళ్ళిద్దరి రొదా మీకే. కాబట్టి ఆ మూడింట్లో తక్కువ రద్దీ ఉన్నది పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే ఉంచండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి. గోడలు దాటలేకపోవడం అక్కడ మనకి మేలే చేస్తుంది, పక్కింటివాళ్ళది కూడా మన ఇంట్లోకి రాదు కదా. అందులో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య చానెళ్ళు పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రౌటర్ వాటిని వాడే ముందు కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి, రాడార్ చప్పుడు వినపడితే ఉన్నపళంగా ఖాళీ చేయాలి. మారతహళ్ళి, దొడ్డనెక్కుంది వైపు హెచ్ఏఎల్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న ఇళ్ళలో నేను వాటి జోలికి పోను.

ఇంకొకటి. స్మార్ట్ బల్బు, గీజర్ ప్లగ్ వంటివి కనెక్ట్ కావడం లేదని అడిగేవాళ్ళు చాలామంది. అవి ఎక్కువభాగం 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. సెటప్ చేసేటప్పుడు 5ని కాసేపు ఆపండి, పనైపోయాక వేసుకోండి.

మీ బెడ్‌రూమ్‌కి అసలైన పరిష్కారం కేబులే. మీరు ఇప్పటికే లాగారు, సగం పని అయిపోయింది. కొత్త ఫ్లాట్లలో ఆ ఇనుప పెట్టె నుంచి ప్రతి గదికీ గోడ లోపల పైపు వేసి ఉంటుంది. బెడ్‌రూమ్ స్విచ్ బోర్డు పక్కన టెలిఫోన్ సాకెట్ లాంటిది ఉంటే విప్పి చూడండి. ఎనిమిది తీగల క్యాట్ 6 కేబుల్ ఉంటే అదృష్టం, రెండు కొసలా కనెక్టర్ కొట్టిస్తే చాలు. రెండు తీగల ఫోన్ వైరే ఉంటే దాని చివర కొత్త కేబుల్ కట్టి లాగమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. కనెక్టర్ కొట్టించేటప్పుడు ఎనిమిది తీగలూ కలపమనండి. నాలుగే కలిపితే 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది, మీ ప్లాన్ 300 అయినా సరే. నెల్లూరు రౌటర్‌కి ఉన్న పోర్టులు కూడా 100వే అయ్యుంటాయి. బెడ్‌రూమ్‌లో ఆఫీసు పనికి అది ధారాళంగా సరిపోతుంది.

మెష్ డబ్బాలు (ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైగా పనిచేయించేవి) కొందామా అని ఎవరో మీకు సలహా ఇచ్చారు కదా. మంచివే, కానీ కేబుల్ లేకపోతే అవి ఒకదానితో ఒకటి గాల్లోనే మాట్లాడుకోవాలి. రెండో డబ్బాని సిగ్నల్ లేని బెడ్‌రూమ్‌లో పెడితే దానికే సిగ్నల్ అందదు, ఇక మీకేం ఇస్తుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే బెడ్‌రూమ్ తలుపు బయట నడవలో పెట్టాలి. వాటిని కేబుల్‌తో కలిపితే ఇంక తిరుగులేదు. చవకగా దొరికే ప్లగ్ ఎక్స్‌టెండర్లయితే నా సలహా వద్దనే. విని మళ్ళీ అదే చానెల్‌లో చెప్పడం వల్ల వేగం సగానికి పడిపోతుంది.

ఒకవేళ పాత రౌటర్ తీసేశాక కూడా హాల్లోనే నెట్ పోతుంటే, అప్పుడు బయటివైపు చూడాలి. కంపెనీ రౌటర్ మీద లైట్లు చూడండి. పాన్ అన్న లైటు (ఫైబర్ లైన్ కలిసిందని చెప్పేది) పచ్చగా, కదలకుండా వెలగాలి. ఎల్‌ఓఎస్ అన్న లైటు ఎర్రగా మిణుకుమంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు, మీరు ఇంట్లో ఏం చేసినా లాభం లేదు. బయట రోడ్డు తవ్వి ఉండొచ్చు, చెట్ల మీదుగా వేలాడే తీగ తెగి ఉండొచ్చు, ఉడుత కొరికి ఉండొచ్చు. ఫోన్ చేసి ఊరికే "నెట్ రావట్లేదు" అంటే రీస్టార్ట్ చేయమని పెట్టేస్తారు. "ఎల్‌ఓఎస్ లైట్ కెంపు బర్తా ఇదె, ఫైబర్ కట్ ఆగిరబేకు" (ఎల్‌ఓఎస్ లైట్ ఎర్రగా వస్తోంది, ఫైబర్ తెగి ఉండాలి) అని కన్నడలో ఒక్క ముక్క చెప్పి చూడండి, అవతల లైన్ చూసే మనిషికి విషయం వెంటనే ఎక్కుతుంది.

మనిషి వచ్చినప్పుడు పవర్ మీటర్ పెట్టి ఎంత వస్తోందో చెప్పమనండి. జీపాన్ రకం ఫైబర్ లైన్‌లో మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం దాకా పనిచేస్తుంది. మైనస్ 26, 27 అంటే అంచున ఉన్నట్టు, అప్పుడప్పుడూ తెగుతుంది. మీ చెప్పుల స్టాండు వెనక ఆ సన్నని తీగ మడత పడి నలుగుతోందేమో కూడా చూపించండి. లోపల గాజు, మడిస్తే వెలుతురు కారిపోతుంది. ఆకుపచ్చ కొస పీకి కన్ను దగ్గర పెట్టి మాత్రం చూడకండి. అందులో ఉండేది కంటికి కనబడని లేజర్.

కరెంటు ఉండగానే రౌటర్ తనంతట తానే ఆగి లేస్తుంటే అడాప్టర్ మీద అనుమానం పెట్టుకోండి. పాతబడిన అడాప్టర్ లైట్లు వెలిగించగలదు కానీ వైఫై మీద భారం పడగానే చేతులెత్తేస్తుంది. మహదేవపురలో ఒకరింట్లో ఇద్దరు ఒకేసారి వీడియో కాల్‌లో ఉంటేనే రౌటర్ రీస్టార్ట్ అయ్యేది. కొత్త అడాప్టర్ వేస్తే ఆగింది. కొనేటప్పుడు వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, చాలావాటికి 12 వోల్టులు. యాంపియర్ రాసినంత గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోవచ్చు, కోతలున్న ఏరియాలో ఇంటి నుంచి పని చేసేవాళ్ళకి అది దండగ ఖర్చు కాదు.

వెనకున్న రీసెట్ బొక్కలో పిన్ను గుచ్చకండి. యూట్యూబ్ వీడియోలన్నీ అదే చెప్తాయి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ రౌటర్‌లో లైన్ తాలూకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ లాంటివి వాళ్ళు వేసి ఉంచుతారు. రీసెట్‌తో అవన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పటిదాకా అరకొరగా వచ్చే నెట్ పూర్తిగా పోయి, మళ్ళీ వాళ్ళొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. స్విచ్ ఆపి, కాసేపాగి వేయడం వేరు, రీసెట్ వేరు.

ఇంట్లో అందరికీ వచ్చి ఒక్క ఫోన్‌కే రాకపోతే రౌటర్‌ని వదిలేసి ఆ ఫోన్‌నే పట్టుకోండి. ఆండ్రాయిడ్ 9 నుంచి "ప్రైవేట్ డీఎన్ఎస్" అని ఒకటుంది. యాడ్స్ రాకుండా ఎవరో అందులో ఏదో పేరు రాసి ఉంటారు, ఆ సర్వర్ ఆగిపోతే ఆ ఫోన్లో ఏదీ తెరుచుకోదు. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి వేరేది చూపిస్తాయి. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (రాసి ఉంచిన మ్యాక్ నంబర్లనే రానిచ్చేది) పెట్టి ఉంటే అలాంటి ఫోన్‌ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ ఆపి చూశాకే వైఫైని తిట్టండి.

లైన్‌దే తప్పని తేలి కంపెనీ వాళ్ళు నాన్చుతుంటే, ఫోన్లో చెప్పి ఊరుకోకుండా కంప్లైంట్ నంబర్ తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ కంప్లైంట్ సెంటర్ పైన అప్పీల్ అథారిటీ ఉండాలి, ఆ నంబర్ ఉంటేనే మీ అప్పీల్ ముందుకు కదులుతుంది.

ఎనిమిది వేల రౌటర్ సంగతి ఇవన్నీ అయ్యాకే. పాతది తీసి ఒక రోజు వాడాక మూడు వివరాలు ఇక్కడ పెట్టండి: హాల్లో మూడు పింగుల ఫలితం, పెట్టెలోంచి తీయకముందు, తీశాక బెడ్‌రూమ్ కుర్చీ దగ్గర డీబీఎం ఎంత, రెండు రౌటర్ల మోడల్ నంబర్లు. పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆప్షన్ ఏ మెనూలో ఉందో వెతికి చెప్తాను.